కోడింగ్ రాని అకౌంటెంట్ ఓపెన్ సోర్స్‌లో ఏం చేయగలరు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "బీకాం చదివాను. గాజువాకలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. బీటెక్ చేసిన స్నేహితులు ఓపెన్ సోర్స్‌కి కాంట్రిబ్యూట్ చేస్తున్నామని చెబుతుంటే నాకూ చేయాలనిపిస్తోంది. కోడింగ్ రాదు. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది గానీ రాయాలంటే టెన్షన్. నాలాంటివాళ్లకి అక్కడ పని ఉందా? రెజ్యూమేకి పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

పని ఉంది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టి, నలుగురూ కలిసి చేసే సాఫ్ట్‌వేర్; అందులో మీకున్నది మీ స్నేహితులు చేయలేని పని. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ అకౌంట్స్ ఉద్యోగమే ఇక్కడ మీ పెట్టుబడి. నేను రుషికొండ వైపు ఒక ఐటీ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. ఎంఎస్ ఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌కి వచ్చే బగ్ (తప్పుల) రిపోర్టులు పరీక్షించడం, దాని గైడ్లు దిద్దడం చాలా ఏళ్లుగా నా వ్యాపకం. నాకూ ప్రోగ్రామింగ్ రాదు.

ఈ ప్రశ్న ఎవరిని అడిగినా చాంతాడంత జాబితా చదువుతారు: డాక్యుమెంటేషన్, అనువాదం, డిజైన్, టెస్టింగ్, ఈవెంట్లు, సోషల్ మీడియా. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ జాబితా చూసి పని మొదలుపెట్టినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. "ఏ పని చేయాలి" అని వెతక్కండి, "నేను రోజూ ఏం వాడుతున్నాను" అని చూసుకోండి. మనం వాడని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ నొప్పి ఉందో మనకి తెలియదు. తెలియకుండా చేసే సాయం అవతలివాళ్లకి భారమే అవుతుంది.

ఎంత భారమో తెలియాలంటే హాక్టోబర్‌ఫెస్ట్ సంగతి చూడండి. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబర్‌లో జరుపుతున్న కార్యక్రమం అది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి కొన్ని మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవాళ్లు. 2020లో ఆ టీషర్టు కోసం వేలమంది ఎవరెవరివో ప్రాజెక్టుల్లో దూరి, రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైల్లో ఒక విశేషణం చేర్చి పంపేశారు. వాటిని మూయలేక మెయింటెయినర్లు (ప్రాజెక్టు బాధ్యత చూసేవాళ్లు) గోల పెడితే, ఇష్టపడి పేరిచ్చిన ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయని ఆ ఏడాది మధ్యలోనే నిబంధన మార్చారు. అందులో మనవాళ్ల వాటా తక్కువేమీ కాదు. "కోడ్ రాకపోయినా రీడ్‌మీలో అక్షరదోషం దిద్దితే చాలు, మీరూ కాంట్రిబ్యూటరే" అని చెప్పే వీడియోలు ఇప్పటికీ వస్తున్నాయి. వాటి జోలికి పోకండి.

ఇక మీ సంగతి. మీ ఆఫీసులో ట్యాలీ, ఎక్సెల్ ఉంటాయనుకుంటున్నాను. వాటిని మార్చమని యజమానికి చెప్పి లేనిపోని తలనొప్పి తెచ్చుకోకండి. మీకు రెండు ప్రాజెక్టులు చూపిస్తాను. ఇంటి ల్యాప్‌టాప్‌లో వాడి చూడొచ్చు.

మొదటిది ఈఆర్‌పీనెక్స్ట్. ముంబైలో ఫ్రాపే అనే కంపెనీ తయారుచేస్తున్న ఓపెన్ సోర్స్ బిజినెస్ సాఫ్ట్‌వేర్. దానికి జీఎస్టీ పని చేసిపెట్టే భాగం "ఇండియా కంప్లయన్స్" పేరుతో విడిగా గిట్‌హబ్‌లో (ప్రాజెక్టుల కోడ్ పెట్టుకునే సైట్) ఉంది. ప్రోగ్రామర్ ఎంత తెలివైనవాడైనా బిల్లు వేసే కుర్చీలో కూర్చోలేదు కదా. మీరు రోజూ అక్కడే కూర్చుంటున్నారు.

గాజువాక నుంచే ఒక లెక్క తీసుకుందాం. మీరు విజయవాడ పార్టీకి సరుకు పంపితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరిసగం. ఒడిశాలో బరంపురం పార్టీకి పంపితే ఐజీఎస్టీ. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు చూస్తే రాష్ట్రం తెలిసిపోతుంది, మనది 37, ఒడిశాది 21. ఇంతవరకు ఏ సాఫ్ట్‌వేరైనా చేస్తుంది. ఇప్పుడు అదే సరుకు దువ్వాడ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉన్న యూనిట్‌కి పంపండి. ఆటోలో వెళ్లొచ్చే దూరం. మీ నంబరూ 37తోనే మొదలవుతుంది, వాళ్లదీ 37తోనే. రెండంకెలు మాత్రమే చూసే సాఫ్ట్‌వేర్ నిక్షేపంగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తుంది. అది తప్పు. సెజ్‌కి అమ్మితే ఒకే రాష్ట్రంలో ఉన్నా చట్టం దాన్ని అంతర్రాష్ట్ర సరఫరాగానే చూస్తుంది. ఆ యూనిట్ తన అనుమతి ఉన్న పనుల కోసం కొంటే అది జీరో రేటెడ్, అంటే పన్ను సున్నా. మీ కంపెనీ ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకి ఇచ్చే హామీపత్రం) ఇచ్చి ఉంటే పన్ను వేయకుండానే బిల్లు చేయొచ్చు.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. అంతకుముందు 12 శాతంతో అమ్మిన సరుకు ఆ తేదీ తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోట్‌లో ఏ రేటు పడాలి? పాత బిల్లులో ఉన్న రేటే. ఐటెమ్ మాస్టర్‌లో (సరుకుల జాబితా) రేటు మార్చేశాక సాఫ్ట్‌వేర్ పాత బిల్లుని చూసి రేటు తెస్తోందా, మాస్టర్‌ని చూసి తెస్తోందా? వాపసులో సగం సరుకే వస్తే? బిల్లు నంబర్ ఇవ్వకుండా క్రెడిట్ నోట్ వేయబోతే ఆపుతోందా?

ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పుగా ఉన్నాయని నేననడం లేదు. ప్రతి కొత్త వెర్షన్‌లోనూ ఎవరో ఒకరు బిల్లు వేసి చూడాల్సిన సందర్భాలివి. మీరు వేసి చూడండి. సరిగ్గా వస్తే ఆ సందర్భాన్ని డాక్యుమెంటేషన్‌లో వివరించారో లేదో చూడండి. లేకపోతే ఒక పేజీ రాసివ్వండి. తప్పొస్తే రిపోర్ట్ చేయండి, ఏ నిబంధన ప్రకారం తప్పో కూడా చెప్పండి. ఇలాంటి రిపోర్ట్ అకౌంట్స్ తెలియనివాళ్లు రాయలేరు. ఈఆర్‌పీనెక్స్ట్ ఇన్‌స్టాల్ చేయడం మాత్రం అంత తేలిక కాదు. ఆ బీటెక్ స్నేహితుల్లో ఒకరిని ఒక సాయంత్రం కూర్చోబెట్టుకోండి, బిర్యానీ ఖర్చు మీది.

రెండోది లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. బెర్లిన్‌లో ఉన్న డాక్యుమెంట్ ఫౌండేషన్ దాన్ని చూసుకుంటుంది. ఎక్సెల్ తెలిసినవాళ్లకి అందులోని కాల్క్ వారంలో అలవాటవుతుంది. దీన్ని ఎంచుకోమనడానికి కారణం, కోడ్ రాని మనిషికి ఇక్కడ దారి బాగా వేసి ఉంది. బగ్‌లు పరీక్షించడానికి విడిగా క్యూఏ బృందం ఉంది, గైడ్లు రాయడానికి ఇంకో బృందం ఉంది. గైడ్లు లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటి రైటర్‌లోనే రాస్తారు కాబట్టి, ప్రోగ్రామర్లు మార్పులు పంపడానికి వాడే గిట్ కూడా అక్కర్లేదు. ఫైలు తెరిచి, మార్పులు కనిపించేలా ట్రాక్ చేస్తూ దిద్ది పంపడమే.

ఇక్కడ బగ్ రిపోర్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కోడ్ రానివాళ్లు చేసే పనుల్లో దీనికున్న విలువ దేనికీ లేదు. దీన్ని సరిగ్గా చేసేవాళ్లూ తక్కువే.

కాల్క్‌లో తెలుగు పేర్లున్న షీట్‌ని పీడీఎఫ్ చేశారనుకుందాం. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక పేరు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒత్తులు తారుమారయ్యాయి. మామూలుగా వచ్చే రిపోర్ట్ ఎలా ఉంటుందంటే, "తెలుగు పనిచేయడం లేదు, అర్జెంట్‌గా సరిచేయండి." బెర్లిన్‌లోనో ఇంకెక్కడో కూర్చున్న మనిషికి తెలుగు చదవడం రాదు. అతని దృష్టిలో అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. ఏది తప్పో ఎలా తెలుస్తుంది?

ఆ సమస్యని కుదించడం మీ పని. ముందు కొత్త ఫైలు తెరిచి ఒకే ఒక గడిలో "లక్ష్మి" అని టైప్ చేయండి. పీడీఎఫ్ చేసి, కాపీ చేసి చూడండి. అప్పుడూ తప్పొస్తే ఫాంట్ మార్చండి. గౌతమితో వచ్చిన తప్పు నోటో శాన్స్ తెలుగుతో కూడా వస్తోందా? పీడీఎఫ్‌ని ఇంకో రీడర్‌లో తెరిచి చూడండి, తప్పు రీడర్‌దే కావచ్చు. రైటర్ నుంచి చేసినా అంతేనా? తర్వాత హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్ ఉంటుంది, అందులో మళ్లీ మొదలుపెట్టి చూడండి. మీ సెట్టింగుల్లో ఏదో చెడిపోయి వచ్చిన తప్పైతే అక్కడ రాదు. అదే మెనూలో "అబౌట్" తెరిస్తే వెర్షన్ వివరాలు మొత్తం ఒక్క నొక్కుతో కాపీ చేసుకునే బటన్ ఉంది. అవి తప్పకుండా అతికించండి.

ఇప్పుడు రిపోర్ట్‌లో రాయాల్సింది కొంచెమే మిగులుతుంది. ఏం చేశాను, వరసగా. ఏం వస్తుందనుకున్నాను. ఏం వచ్చింది. తెలుగు చదవలేనివాళ్లకి తేడా తెలియడానికి సరైన రూపం, తప్పు రూపం పక్కపక్కన పెట్టి తేడా ఉన్నచోట ఎర్రగీత గీసిన స్క్రీన్‌షాట్. ఆ ఒక్క గడి ఉన్న ఫైలు. ఇవన్నీ చిన్న చిన్న వాక్యాలు. మీ ఇంగ్లీష్ టెన్షన్ ఇక్కడే సగం పోతుంది. అక్కడున్నవాళ్లలో చాలామందికి ఇంగ్లీష్ మాతృభాష కాదు, జర్మన్లు, ఫ్రెంచివాళ్లు, బ్రెజిల్‌వాళ్లు. వ్యాకరణం తప్పితే ఎవరూ నవ్వరు. అంచెలు తప్పితేనే విసుక్కుంటారు.

తెలుగు విషయంలో ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా దాన్ని తెలుగు బాంబ్ అని వేళాకోళం చేసింది. యాపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంత డబ్బున్న కంపెనీ కంటే ముందు ఆ తప్పు వాడేవాళ్ల కంటపడింది. ఓపెన్ సోర్స్‌లో మన అక్షరాలని తెరమీద పేర్చే పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే కోడ్) చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి. తెలుగులో టైప్ చేసి చూసేవాళ్లు లేకపోతే తెలుగులో వచ్చే తప్పు అక్కడ ఎవరికీ తెలియదు. డాబాగార్డెన్స్‌లో డీటీపీ చేసే కుర్రాళ్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు పడే పాట్లు మనకి తెలిసినవే. వాళ్లలో ఒక్కరు కూర్చుని ఏ ఒత్తు ఎక్కడ విరుగుతోందో నమూనాలతో రాసిపెడితే ఆ ప్రాజెక్టులకి ఎంత లాభమో! ఇలా అడుగుతూనే ఉన్నాను, ఇంకా ఎవరూ దొరకలేదు.

మీ వృత్తికి ఒక హెచ్చరిక. ఆఫీసు ఫైలుని ఎట్టి పరిస్థితుల్లోనూ రిపోర్ట్‌కి జతచేయకండి. బగ్‌జిల్లాలోనైనా (లిబ్రేఆఫీస్ బగ్ రిపోర్టులు పెట్టే సైట్) గిట్‌హబ్‌లోనైనా పెట్టింది లోకమంతా చూస్తుంది. పార్టీ పేర్లు, జీఎస్టీ నంబర్లు, బ్యాంకు వివరాలు చెరిపేశాను కదా అనుకున్నా, దాచిన షీట్లో, ఫైలు ప్రాపర్టీస్‌లో కంపెనీ పేరు మిగిలిపోవచ్చు. ఉత్తుత్తి పేర్లతో కొత్త ఫైలు చేయండి. స్క్రీన్‌షాట్ తీసేముందు పక్కన వాట్సాప్ వెబ్ తెరిచి ఉందేమో కూడా చూసుకోండి.

కొత్త బగ్ దొరక్కపోయినా పని ఉంటుంది. లిబ్రేఆఫీస్ బగ్‌జిల్లాలో "అన్‌కన్ఫర్మ్‌డ్" అనే స్థితిలో ఎవరూ పరీక్షించని రిపోర్టులు ఎప్పుడూ పడి ఉంటాయి. ఒకటి తీసుకుని, అందులో చెప్పిన అంచెలు మీ మెషీన్‌లో చేసి చూడండి. మీకూ వస్తే "నాకూ వచ్చింది, ఫలానా వెర్షన్, ఫలానా విండోస్" అని రాస్తే చాలు, దాన్ని "న్యూ" స్థితికి మార్చొచ్చు. వివరాలు చాలకపోతే అడగండి. పాత రిపోర్టుల్లో కొన్ని ఎప్పుడో సరైపోయి, ఎవరూ మూయక అలాగే ఉంటాయి. కొత్త వెర్షన్ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో వస్తుంది. అప్పుడు పాతవాటిని మళ్లీ పరీక్షించేవాళ్లు ఎంతమంది ఉన్నా చాలరు. ప్రోగ్రామర్ బగ్ వెతుక్కునే గంటని మీరు మిగులుస్తున్నారు. అకౌంట్స్‌లో రికన్సిలియేషన్ చేసే ఓపిక ఉన్నవాళ్లకి ఈ పని చేతికి వెంటనే పట్టుబడుతుంది.

ఏఐతో రిపోర్ట్ రాయించొచ్చా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. మీరు చేసిన అంచెలని మీ మాటల్లో రాసి, ఇంగ్లీష్ సరిచేయమంటే తప్పులేదు. బగ్‌నే అది వెతికిపెట్టిందని చెబుతూ పేజీలకి పేజీలు అతికిస్తే మాత్రం మీ పేరు చూసి రిపోర్ట్ మూసేసే రోజు వస్తుంది. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తేవడానికి వాడే కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ ఇలాంటి ఉత్తుత్తి రిపోర్టులతో తమ సమయం ఎలా పోతోందో బహిరంగంగానే మొత్తుకుంటున్నారు.

అనువాదం గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. తెలుగువాళ్లకి అందరూ ముందు అదే చెబుతారు. మెనూలు తెలుగులో పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేర్ వాడే అలవాటు మీకుంటేనే అందులోకి దిగండి. లేకపోతే ఎక్కడ కనిపిస్తుందో తెలియని వాక్యాలని గంపగుత్తగా మార్చేసి వెళ్లిపోతాం. వాటిని దిద్దడానికి ఇంకెవరో కూర్చోవాలి. లిబ్రేఆఫీస్‌ని వెబ్‌లేట్, ఫైర్‌ఫాక్స్‌ని పాంటూన్ అనే సైట్ల మీద అనువాదం చేస్తారు, బ్రౌజర్ చాలు. అక్కడ కూడా కొత్తవి చేయడం కంటే, వాడుతూ కంటపడిన తప్పులు దిద్దడం మేలు. ఇంగ్లీష్ వాక్యంలో శాతం గుర్తుతో మొదలయ్యే ముక్కలు, అలల గుర్తు (~) లాంటివి కనిపిస్తే తెలుగులోనూ తప్పకుండా ఉంచండి. మొదటిదాని చోట ప్రోగ్రామ్ ఒక పేరునో సంఖ్యనో పెడుతుంది, రెండోది కీబోర్డ్ షార్ట్‌కట్‌కి గుర్తు. అవి పోతే తెలుగు ఎంత బాగున్నా మెనూ చెడుతుంది.

రెజ్యూమే విషయం సూటిగా చెబుతాను. దీన్ని చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కానీ మీరు రాసిన ప్రతి రిపోర్టుకీ, దానికొచ్చిన జవాబులకీ లింక్ ఉంటుంది. ఈఆర్‌పీ ఇంప్లిమెంటేషన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్ లాంటి ఉద్యోగాలకి వెళ్లినప్పుడు "జీఎస్టీ తెలుసు" అని రాసుకోవడానికీ, సెజ్ బిల్లు మీద మీరు రాసిన రిపోర్ట్ తెరిచి చూపించడానికీ చాలా తేడా ఉంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి మాట్లాడటానికి ఒక వస్తువు దొరుకుతుంది. సర్టిఫికెట్ ఇస్తామని డబ్బులు అడిగేవాళ్లు తగిలితే నమ్మకండి. ఏ ప్రాజెక్టులోనూ కాంట్రిబ్యూట్ చేయడానికి ఫీజు ఉండదు.

డబ్బులొచ్చే దారి కూడా ఒకటుంది, అవుట్‌రీచీ. సాఫ్ట్‌వేర్ రంగంలో వివక్షకి గురైనవాళ్ల కోసం పెట్టిన ఇంటర్న్‌షిప్. మూడు నెలలకి 7,000 డాలర్లు ఇస్తారు. డాక్యుమెంటేషన్, డిజైన్ ప్రాజెక్టులు కూడా ఉంటాయి. కాకపోతే వారానికి 30 గంటలు పెట్టాలి, ఉద్యోగం చేస్తూ కుదరదు. ఉద్యోగాల మధ్యలో ఖాళీ వస్తే అప్పుడు చూడండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మాత్రం పేరులో ఉన్నట్టే కోడ్ రాసేవాళ్లకి.

కోడ్ రాయనివాళ్లని రెండో తరగతి మనుషుల్లా చూస్తారా అన్న అనుమానం మీ ప్రశ్న వెనక ఉన్నట్టు అనిపించింది. కొన్నిచోట్ల చూస్తారు. అలాంటి చోట ఉండాల్సిన అవసరం మీకు లేదు, ప్రాజెక్టులకి కొదవ లేదు. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు 2010లోనే ఓటింగ్ పెట్టి, ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్టలు) చేయనివాళ్లకీ ఓటుహక్కుతో సహా పూర్తి సభ్యత్వం ఇవ్వాలని తీర్మానించుకుంది. ఒక ప్రాజెక్టు ఎలాంటిదో తెలియాలంటే చివరి నెలలో కొత్తవాళ్లు పెట్టిన రిపోర్టులు నాలుగైదు తెరిచి, వాళ్లకి ఎలా జవాబిచ్చారో చదవండి. ప్రవర్తనా నియమావళి ఎంత అందంగా రాసుకున్నారన్నది కాదు చూడాల్సింది.

జవాబు వెంటనే రాదు. జర్మనీ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్కడివాళ్లు ఉద్యోగాలు ముగించుకుని కూర్చునేసరికి మనకి పడుకునే వేళ అవుతుంది. రెండు వారాలు చూసి, ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. రోజూ "ఏమైంది" అని అడగడం, మెయింటెయినర్‌ని మాటిమాటికీ ట్యాగ్ చేయడం వద్దు. "సర్" అక్కర్లేదు, అందరూ పేర్లతోనే రాసుకుంటారు. "ఇది బగ్ కాదు, మేము కావాలనే ఇలా పెట్టాం" అనే జవాబు కూడా వస్తుంది. మీ లెక్క ప్రకారం అది తప్పే అయితే కారణంతో ఒకసారి చెప్పండి. జీఎస్టీ విషయమైతే చట్టంలోని సెక్షన్ చూపించండి. అంతకుమించి వాదన పెంచకుండా ఇంకో రిపోర్ట్‌కి వెళ్లిపోండి.

ఖాతా మాత్రం ఆఫీసు మెయిల్‌తో తెరవకండి. బగ్‌జిల్లాలో మీ మెయిల్ ఐడీ లాగిన్ అయిన మిగతావాళ్లకి కనిపిస్తుంది. పైగా రేపు ఉద్యోగం మారితే ఆ ఖాతా, దానితో మీరు చేసిన పనంతా పాత కంపెనీ మెయిల్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దీనికోసమే విడిగా ఒక జీమెయిల్ పెట్టుకోండి. మొదటి రిపోర్ట్ పంపేముందు ఎవరైనా చదివి చూస్తే బాగుండుననిపిస్తే ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను.